మెడ సాగిన జింక

నా చిన్నప్పుడు మా బడిలో సారు, నేను చదువులో వెనకబడ్డానని మా నాయనకు చెప్పేవారు. అది నన్ను ఎక్కువ చేసి చెప్పడమే. వెనకబడాలంటే ముందు చదువుతో పాటు నాలుగడుగులైనా నడిచి ఉండాలి కదా! నేను ఏడో తరగతి దగ్గరే కూర్చుండిపోయాను. చదువు నా కోసం కాసేపు చూసి, దాని దారిన అది పోయింది. అట్లా మిగిలిపోయిన నన్ను మా అమ్మ తీసుకుపోయి తన తమ్ముడికి అప్పజెప్పింది.

మా మేనమామ నాటకాల తెరలు వేసేవాడు. డెబ్బైల్లో వరంగల్ చుట్టుపక్కల నాటకమంటే వెనకాల రంగుల తెర ఉండాల్సిందే. రాజుగారి కొలువు ఒకటి, వీధి ఒకటి, అడవి ఒకటి. కొలువూ వీధీ ఎవరు వేసినా సరిపెట్టుకునేవారు గానీ, అడవి తెర మాత్రం మా మామ చేతిదే కావాలని వచ్చేవారు. ఏడాదికోసారి ఆయన బస్సెక్కి ఏటూరునాగారం పోయి, రెండు రోజులు ఊరికే చెట్ల మధ్య తిరిగి వచ్చేవాడు. కాగితం, పెన్సిలు ఏవీ వెంట ఉండేవి కావు. అదేమిటని అడిగితే, "కాయితం కొంచవోతే కాయితాన్నే సూస్త. అడివినెప్పుడు సూడాలె?" అనేవాడు. తిరిగొచ్చాక మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. చూసినదంతా లోపల కుదురుకోవాలట. ఆ మూడు రోజుల కోసం మా అత్త ఏడాదంతా ఎదురుచూసేది.

చింతగింజలు నానబెట్టి ఉడికిస్తే వచ్చే బంకలో పొడి రంగులు కలిపి గుడ్డ మీద వేసేవాడు. ఆ బంక కలపడం నా పని. ఇంకో పని కూడా ఉండేది. ఇరవై అడుగుల గుడ్డకు ముక్కు ఆనించి వేసేవాడికి తానేం వేస్తున్నాడో తనకే కనబడదు. ఆకులు కనబడతాయి గానీ చెట్టు కనబడదు. అందుకని మామ తెరను బియ్యం మిల్లు గోడకు వేలాడదీసి, నన్ను సందు చివర సైకిళ్లు అద్దెకిచ్చే సైకిల్ టాక్సీ దుకాణం ముందు నిలబెట్టేవాడు. నాటకంలో ఆఖరి వరసలో కూర్చున్న ముసలమ్మకు ఎట్లా కనబడుతుందో నేను అక్కడి నుంచి అరిచి చెప్పాలి. "ముందు కూసున్నోల్లు ఎట్లనన్న హార్మోనియం ఆయన్నే సూస్తరు. మన తెర ఎనుకున్నోల్లకే" అనేది మామ లెక్క. "మామా, ఆ కొమ్మ జర కిందికి!" అని నేను కేకేస్తే, వెనక్కి తిరిగి చూడకుండానే కొమ్మను కిందికి దించేవాడు. నా మాటకు ఎదురు మాట లేకుండా తలవంచిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. అయినా నాకు చాలలేదు. నాకు కుంచె కావాలి.

మా పక్కింటి అక్కకు అప్పుడు పదిహేనేళ్లుంటాయి. వాళ్ల నాయన చర్చి ఆవరణలో తోటపని చేసేవాడు. చర్చిలో ఆదివారం పిల్లలకిచ్చే రంగు కార్డుల మీది గొర్రెపిల్లల్ని చూసి, అక్క బొగ్గుతో మా సందు గోడలన్నీ మందలు చేసి పెట్టేది. ఒకరోజు మామ ఒక గొర్రెపిల్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు. మర్నాడు అక్కను పిలిచి చేతిలో కుంచె పెట్టాడు. రెండేళ్ల చాకిరికి నా చేతికి వచ్చింది గరిటె. ఆమెకు ఒక్క రోజులో కుంచె. ఆ రోజు నాకు అన్నం దిగలేదు. నిజం చెప్పాలంటే దిగింది గానీ, రుచి తెలియలేదు. మామ "బిడ్డా" అని ఆమెను పిలిచినప్పుడల్లా నేను గరిటెతో బంకను ఇంకో నాలుగు చుట్లు గట్టిగా తిప్పేవాణ్ణి.

అంతలో నర్సంపేట నాటకం వాళ్లు అడవి తెర కావాలన్నారు. మర్నాడు పొద్దుగూకగానే మడికొండలో వాళ్ల ఆట. చెట్లు, దారి, కొండ మామ వేశాడు. దారి పక్కన ఒక జింక నిలబడాలి. దాన్ని అక్కను వెయ్యమన్నాడు.

నేను నా చోట నిలబడి చూస్తున్నాను. జింక వచ్చేసింది. ఒక కాలు కొంచెం ఎత్తి, చెవులు రిక్కించి, మనం దగ్గితే పారిపోయేటట్టు ఉంది. నిజంగా దగ్గాలనిపించింది నాకు.

"ఎట్లున్నదిరా అల్లుడా?" అని మామ అక్కడి నుంచి అరిచాడు.

నా నోటికి వచ్చింది నిజం కాదు. "జింక కాదు మామా, చర్చి కార్డు మీది గొర్రెపిల్ల లెక్క కొడ్తాంది!" అన్నాను. సైకిల్ దుకాణం దగ్గరున్న నలుగురూ నవ్వారు. ఆ నవ్వు నాకు బెల్లం ముక్కలా తగిలింది. మెడ పొట్టిగుందన్నాను. అక్క ఏదో అనబోతే, "వానికి కనవడ్తాంది బిడ్డా, మనకు కనవడది. సాగదియ్యి" అన్నాడు మామ. అక్క సాగదీసింది. ఇంకొంచెం అన్నాను. ఇంకొంచెం సాగింది. నేను మూడోసారి అరిచేసరికి అది మడికొండ పోయే బస్సు వచ్చిందో లేదో మెడ చాపి చూస్తున్నట్టుంది. దుకాణం దగ్గరి వాళ్లు కడుపులు పట్టుకున్నారు. అక్క మా వైపు తిరగలేదు. కుంచెను నీళ్లలో కడుగుతూనే ఉంది.

మామ చేతులు తుడుచుకుని సందు పొడుగునా నడిచి వచ్చాడు. నా పక్కన నిలబడి తెరను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నన్నే ఎక్కువసేపు చూశాడు.

"ముందుగల్ల ఎట్లుండె?"

"మంచిగనే ఉండె మామా."

మా నాయనైతే రెండు దెబ్బలతో లెక్క తేల్చేవాడు. మామ చెయ్యి లేవలేదు. బంక రంగుల సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మళ్లీ మళ్లీ తడిపితే కింది రంగు కరిగి పైకి లేచి, అంతా బురదవుతుంది. ఆ జింక ఇక నిలబడదు. ఇంకో గుడ్డ సిద్ధం చేసి ఆరబెట్టేంత పొద్దు లేదు. "బిడ్డా, దాని మీద పొద ఎయ్యి" అని అక్కకు కేకేశాడు.

నేను మెల్లగా, "ఇంకెవల్నన్న నిలవెట్టు మామా, నేనొద్దు" అన్నాను.

"ఇంకొగని అబద్ధం ఎట్లుంటదో నాకేమెరుక? నీది ఇయ్యాల సూసిన. ఈన్నే నిలవడు" అని చెప్పి తెర దగ్గరికి వెళ్లిపోయాడు.

అక్క తన జింకను తనే ఆకులతో కప్పింది. ముందు చెవులు పోయాయి, తర్వాత ఎత్తిన కాలు పోయింది. అంత బాగా వచ్చినదాన్ని అంత నిదానంగా పూడ్చడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు. కింది గోధుమ రంగు ఆకుపచ్చలోకి లేచింది. దగ్గరి నుంచి ఆమెకు అది మరకలా కనిపించి ఉంటుంది, మళ్లీ కుంచె ముంచింది. కానీ నేనున్న చోటి నుంచి చూస్తే ఆ పొదలో ఏదో ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టుంది. జింక కన్నా బాగుంది. నేను ఊరుకుంటే చాలు, ఆమే తన చేత్తో దాన్ని పాడు చేసుకుంటుంది. అబద్ధం కూడా అక్కర్లేదు.

"అక్కా, ఆగు! ముట్టకు! అండ్ల ఏదో దాక్కున్నట్టున్నది!"

అక్క అనుమానంగా మామను చూసింది. మామ నా వైపు తిరగను కూడా తిరగలేదు. "వాడు ఆగుమన్నడు గద, ఆగు" అన్నాడు. అంతే. కాసేపటి కిందే నేను చేసిన పని చూసి కూడా, మళ్లీ నా మాట మీదే కుంచె దింపించాడు.

మర్నాడు మడికొండలో నేను ఆఖరి వరసలో కూర్చున్నాను. నా పక్కనున్న ముసలమ్మ మనవరాలితో, "ఆ పొదల ఏమున్నదే, మెసుల్తాంది?" అంది. వేసింది మా అక్కేనని చెబుదామంటే నోరు రాలేదు. ఆపించింది నేనేనని మాత్రం నాలుక చివరిదాకా వచ్చింది, కొరుక్కుని ఊరుకున్నాను.

నేను పెయింటర్ను కాలేదు. ఆటో నడిపి బతికాను. అసూయ పోయిందని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. అది నాతోనే ముసలిదయింది. ఇప్పటికీ ఎవరి పనైనా బాగుంటే ముందు నాలుక మీదికి వెక్కిరింపే వస్తుంది. అప్పుడు మామ వెనక్కి తిరిగి చూడకుండా నిలబడ్డ ఆ వీపు గుర్తొస్తుంది. బాగుంటే బాగుందని, సందు చివరిదాకా వినబడేటట్టు చెబుతాను.

చాలా ఏళ్లకు అక్క కూతురి పెళ్లిలో, భోజనాల దగ్గర ఆమె పక్కన కూర్చుని, నవ్వుతూనే ఒప్పుకున్నాను. "అక్కా, నీ జింకకేం కాలే. మస్తు మంచిగుండె. నేనే కుల్లుకోని సెడగొట్టిన" అన్నాను.

అక్క నా విస్తట్లో ఇంకో గరిటె కూర వేసి, "ఓరి పిచ్చోడా, అది మంచిగొచ్చిందని నాకు ముందుగల్ల జెప్పిందే నువ్వు. మంచిగ లేకుంటే నవ్వి ఊకుందువు. అంతగనం గొంతు సించుకునుడు సూసే సమజైంది" అంది.