నాలుగో సీజన్ గురించి ఆంటీ ఏమనుకున్నారో

మంగళవారం పొద్దున బ్లాక్‌టౌన్ స్టేషన్‌లో ఆఫీసు రైలు కోసం నిలబడి ఉండగా స్వప్న ఫోన్ చేసింది.

"ఆంటీ పోయిందంటనే," అంది.

నిద్రలోనే పోయారట. షిఫ్టుకి రాలేదని పనిచేసే చోటు నుంచి కూతురికి ఫోన్ వెళ్ళింది. ఆమె వెళ్ళి చూసేసరికి అంతా అయిపోయింది. ఇంతవరకూ చెప్పి స్వప్న ఆగింది. రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. నేను ఎక్కలేదు. ఆ తర్వాత స్వప్న అడిగిన మాట వింటే మీకు విచిత్రంగా ఉంటుంది.

"ఇంతకూ ఆంటీకి గా నాలుగో సీజన్ నచ్చిందా, నచ్చలేదా?"

నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. అందుకే ఇది రాస్తున్నానేమో.

ఆంటీ మాకు చుట్టం కాదు. యూనిలో మాస్టర్స్ చదివిన రెండేళ్ళూ హారిస్ పార్క్‌లో ఆమె ఇంటి వెనక గదిలో అద్దెకున్నాం, అంతే. నాది కాకినాడ, స్వప్నది వరంగల్. ఆమెది నరసాపురం. భర్త పోయి అప్పటికే పదేళ్ళు దాటింది. ఒక్కతే కూతురు, పెళ్ళయి వేరే ఉండేది. తల్లి తెలుగులో మాట్లాడితే ఆమె ఇంగ్లీషులో జవాబు చెప్పేది. ఇద్దరికీ అది ఇబ్బందిగా ఉండేది కాదు.

ఆంటీ ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పనిచేసేవారు. నమలలేని పెద్దవాళ్ళకి మెత్తగా వండి పెట్టడం ఆమె పని. ఆ మెత్తటి కూరలో కూడా రుచి ఉండాలని అక్కడివాళ్ళతో రోజూ పేచీ పడేవారు. "పళ్ళు పోయాయి గానీ నాలుకలు పోలేదు కదే వాళ్ళకి," అనేవారు ఇంటికొచ్చి, ఎవరి మీదో తెలియని కోపంతో. ఇంట్లో మాత్రం గట్టిగా మాట్లాడిన గుర్తు లేదు. మేము పరీక్షల రోజుల్లో అన్నం మానేస్తే తలుపు దగ్గర కంచం పట్టుకుని నిలబడేవారు. తీసుకునేదాకా కదిలేవారు కాదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, మధ్యాహ్నం మూడింటికి మేము ముగ్గురం టీవీ ముందు చేరేవాళ్ళం. అది ఒక రెస్టారెంటు కథ. చలి దేశంలో, ఓడరేవు పక్కన, తండ్రి పెట్టిన చేపల హోటల్‌ని నడుపుకొచ్చే ఒక అమ్మాయి కథ. మూడు సీజన్లు ఒకటే ఉరుకులు పరుగులు. ఆర్డర్లు, కేకలు, పొగలు, విరిగిన ప్లేట్లు. మేమిద్దరం సోఫాలో కూర్చునేవాళ్ళం. ఆంటీ ఎప్పుడూ కూర్చునేవారు కాదు. ఇస్త్రీ బల్ల వేసుకుని, యూనిఫాంలు ఇస్త్రీ చేస్తూ నిలబడే చూసేవారు. "కూర్చుంటే నిద్రొస్తాది," అనేవారు. తెర మీద వంటవాళ్ళని మాత్రం వదిలేవారు కాదు.

"ఆ కత్తి అలాగ పట్టుకుంటే వేలు తెగిపోద్ది. ఎవరు నేర్పారే దీనికి?"

"యాక్టింగే కదా ఆంటీ."

"వేలు యాక్టింగ్ కాదు కదమ్మా."

అప్పటికి మాకు తెలిసింది ఒక్కటే. ఆంటీ, అంకుల్ ఒకప్పుడు పరమటా దగ్గర చిన్న హోటల్ నడిపారు, అంకుల్ పోయాక అది మూతపడింది. ఆ సంగతి ఆమె ఎత్తేవారు కాదు, మేము అడిగేవాళ్ళం కాదు.

నాలుగో సీజన్ వచ్చింది. మూడో ఎపిసోడ్ చివర ఆ అమ్మాయి ఒక పొద్దున వచ్చి, హోటల్ తలుపుకి తాళం వేసి, పనివాళ్ళెవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళిపోతుంది. తర్వాతి ఏడు ఎపిసోడ్లలో ఆమె వంటింట్లో అడుగు పెట్టదు. నడుస్తుంది, అక్క ఇంట్లో కూర్చుంటుంది, కిటికీలోంచి చూస్తుంది. చివరి సీన్‌లో తాళంచెవి పట్టుకుని అదే తలుపు ముందు నిలబడుతుంది. బొమ్మ అక్కడ ఆగిపోతుంది.

జనం రెండుగా చీలిపోయారు. ఇంత గొప్ప సీజన్ రాలేదని సగం మంది, ఇంత మోసం ఎక్కడా చూడలేదని సగం మంది. మా యూనిలో గ్రూప్ అసైన్‌మెంట్ మీటింగ్ ఒకటి మొత్తం దీని మీదే నడిచి, పని ఏమీ కాకుండానే ముగిసింది. మా ఇంట్లోనూ అంతే.

తాళం వేసిన ఎపిసోడ్ చూసిన ఆదివారం స్వప్న మండిపడింది. "గట్లెట్ల పోతది? కనీసం ఒక్క మాట చెప్పాలె గద! పొద్దున్నే పనికొచ్చినోళ్ళు గా తలుపు ముంగట నిలవడి ఏమనుకోవాలె?"

నేను ఆ అమ్మాయి పక్షం. దానికి నా కారణం నాకుంది. ఆ సెమిస్టర్‌లో నేను రెండు సబ్జెక్టులు ఫెయిలయ్యాను. ఇంట్లో చెప్పలేదు. స్వప్నకి కూడా చెప్పలేదు. ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా ఎక్కడికైనా వెళ్ళిపోతే బాగుండునని రోజూ అనుకుంటున్న రోజులవి.

"చెప్పాలని రూలేముందే? తనవల్ల కాలేదు, వెళ్ళిపోయింది. వాళ్ళకి వేరే పని దొరుకుద్ది. దీనికే లోకం మునిగిపోద్దా?" అన్నాను.

ఆంటీ ఇస్త్రీ పెట్టె స్విచ్ తీసేశారు. సగం ఇస్త్రీ అయిన చొక్కా బల్ల మీద అలాగే ఉంది. పెరట్లోకి వెళ్ళి, ఆరిన బట్టలేవీ లేని తీగ కింద నిలబడ్డారు. చీకటి పడ్డాక గానీ లోపలికి రాలేదు.

మా ఇద్దరి మాటల్లో ఆమెకి ఏది తగిలిందో నాకు ఈనాటికీ తెలియదు. తన మాటే అని స్వప్న అంటుంది. కాదు, నాదే అని నేనంటాను.

ఆ తర్వాత ఆదివారాలు ఆంటీ టీవీ దగ్గరికి రాలేదు. చర్చి నుంచి రాగానే ఏదో ఒక పని పెట్టుకునేవారు. మిగతా సీజన్ అంతా మేమిద్దరమే చూశాం. అయిపోయిన మర్నాడు, పొద్దున కాఫీ కలుపుతూ, మా వైపు తిరక్కుండానే అడిగారు.

"ఆ పిల్ల తలుపు తీసిందా?"

"తీసింది ఆంటీ," అన్నాను నేను.

"తియ్యలే," అంది స్వప్న.

ఆంటీ ఇటు తిరిగారు. "ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని కదే చూశారు?"

ఆమె ముఖంలో నవ్వు లేదు. నిజంగానే అయోమయపడ్డారు. ఆ ఆదివారం తనే టీవీ పెట్టుకుని చివరి ఎపిసోడ్ చూశారు. కూర్చుని చూశారు. రెండేళ్ళలో ఆమె ఆ సోఫాలో కూర్చోవడం అదే మొదటిసారి. అయిపోయాక మమ్మల్ని పిలిచారు. ఎదురుగా కూర్చోబెట్టి, వంట ఎలా చెయ్యాలో చెప్పినంత మామూలుగా, తన సంగతి చెప్పారు.

అంకుల్ పోయిన నెలకి ఆమె మళ్ళీ హోటల్ తెరిచారు. కానీ ఆ వంటింట్లో అడుగు పెడితే ఊపిరి ఆడేది కాదు. ఒక పొద్దున వెళ్ళి తాళం వేసి, తాళంచెవి బిల్డింగ్ యజమానికి ఇచ్చేసి, కూతుర్ని తీసుకుని చెల్లెలింటికి వెళ్ళిపోయారు. ఎవరికీ చెప్పలేదు. ఫోన్ ఎత్తలేదు. పనివాళ్ళు వచ్చి వానలో నిలబడ్డారని తర్వాత ఎవరో చెప్పారు. వాళ్ళలో ప్రసాద్ అనే అతనిది భీమవరం. ఈ హోటల్ స్పాన్సర్ చేస్తేనే వీసా మీద వచ్చాడు. హోటల్ లేకపోతే వీసా లేదు. అతని పెళ్ళాం వీసా కాగితాలు అప్పుడే పెట్టారు. ఆ కాగితాలూ ఆగిపోయాయి. అతను ఎలాగో మెల్‌బోర్న్‌లో ఇంకో చోటు చూసుకుని నిలదొక్కుకున్నాడు.

"ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఫోన్ చెయ్యలేదు నేను. ఏమని చెయ్యను?" అన్నారు ఆంటీ. తర్వాత నా వైపు చూశారు. "నీకేమైందే? నెల రోజులుగా చూస్తన్నాను. అన్నం సరిగ్గా తింటం లేదు."

నేను ఏడ్చేశాను. రెండు సబ్జెక్టుల సంగతీ చెప్పాను. ఆంటీ ఓదార్చలేదు. "ఇప్పుడే మీ నాన్నగారికి ఫోన్ చెయ్యి. నేనిక్కడే ఉంటాను," అన్నారు. "చెప్పకుండా మాత్రం తాళం వెయ్యకు తల్లీ. ఆ తాళం మోస్తానే ఉండాలి."

చేశాను. నాన్న అంతా విన్నారు. తర్వాత, "మళ్ళీ రాసుకోవచ్చు కదా?" అన్నారు. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు. నేను ఫోన్ పెట్టేసరికి ఆంటీ తన ఫోన్‌లో నంబరు వెతుక్కుంటున్నారు. కళ్ళజోడు సర్దుకుని, చర్చివాళ్ళని ఇద్దరు ముగ్గుర్ని అడిగి, చివరికి ప్రసాద్ అంకుల్ నంబరు సంపాదించారు. ఫోన్‌లో ఆమె అన్నది ఒక్కటే మాట. "ఒకసారి భోజనానికి రాగలవా ప్రసాదూ?"

మూడు వారాల తర్వాత శనివారం వాళ్ళు వచ్చారు. మెల్‌బోర్న్ దగ్గర క్రెయిగీబర్న్ నుంచి కారు నడుపుకుంటూ. ముందు రోజు దారిలో ఎక్కడో ఆగారట. ఆయన నలభై దాటిన మనిషి, గళ్ళ చొక్కా, తక్కువ మాటలు. వెంట భార్య. ఆంటీ పొద్దున అయిదింటికే లేచి చేపల పులుసు పెట్టారు. చింతపండు పిసికే గిన్నె రెండుసార్లు జారింది.

అందరం కూర్చున్నాం. ఆంటీ కూర్చోలేదు. ఆయన ఒక ముద్ద తిన్నారు. అప్పుడు ఆంటీ అన్నారు.

"ఆ రోజు నీకు చెప్పాల్సింది ప్రసాదూ. చెప్పకుండా వెళ్ళిపోయాను. తప్పు నాదే."

ఆయన తల ఎత్తలేదు. ఇంకో ముద్ద కలుపుకున్నారు. నమిలి మింగారు.

"ఆయ్. పులుసు ఇంకో పొంగు రావాలండి మేడంగారూ," అన్నారు.

లేచి, చెయ్యి కడుక్కుని, పులుసు గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళి పొయ్యి వెలిగించారు. కాసేపటికి ఆంటీ కూడా వెళ్ళారు. ఇద్దరూ ఆ గిన్నెలోకి చూస్తూ నిలబడ్డారు. ఏమైనా మాట్లాడుకున్నారేమో, మాకు వినపడలేదు. తర్వాత గిన్నె తెచ్చి అందరికీ ఆయనే వడ్డించారు. ఇంక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

అంట్లు తోముతూ ఆయన భార్యని అడిగాను, ప్రసాద్ అంకుల్‌కి కోపం పోయినట్టేనా అని. ఆవిడ గిన్నె తుడుస్తూ ఆలోచించారు.

"నేను ఈ దేశం రావడం మూడేళ్ళు ఆలస్యమైందమ్మా. ఆ మూడేళ్ళ గురించి ఆయన నాతో కూడా ఎప్పుడూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం మంచికో చెడుకో నాకూ తెలీదు."

వాళ్ళ కారు మలుపు తిరిగిపోయాక ఆంటీ గేటు పట్టుకుని మమ్మల్ని అడిగారు. "ఏమన్నాడే వాడు? నాకేం అర్థం కాలేదు."

"క్షమించిండు ఆంటీ. లేకుంటే లేచి పొయ్యి ఎందుకు ముట్టిస్తడు?" అంది స్వప్న.

"ఏమో ఆంటీ. ఆ మాట దాటెయ్యడానికేమో," అన్నాను నేను.

ఆంటీ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. "మీ ఇద్దరితో చచ్చిపోతన్నానే," అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ రోజు రాత్రి మాత్రం మా ముందే కూర్చుని రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నారు.

తర్వాత ఏడాదికి రెండు మూడుసార్లు వాళ్ళు ఒకరికొకరు ఫోన్ చేసుకునేవారు. పండక్కి, పుట్టినరోజుకి. ఏం మాట్లాడుకునేవారో తెలియదు. నేను ఆ రెండు సబ్జెక్టులూ మళ్ళీ రాసి గట్టెక్కాను. గది ఖాళీ చేసిన రోజున ఆంటీని అడిగాను, ఆ సీజన్ ఎలా ఉందని. "బాగుందే, మనసుకి పట్టింది," అన్నారు. స్వప్నతో అన్నది వేరే. "దండగ. ఒక్క చేప కూడా వండలేదు." చర్చిలో ఆమె స్నేహితురాలితో, అసలు ఆ సీజనే చూడలేదని చెప్పారట. ఈ సంగతి మొన్న సమాధి కార్యక్రమానికి వెళ్ళినప్పుడు తెలిసింది. కూతుర్ని అడిగితే ఆమె కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "షి వాచ్డ్ ద లాస్ట్ ఎపిసోడ్ ఎవ్రీ ఇయర్," అంది. నచ్చి చూశారా, నచ్చక చూశారా అని అడిగాను. "ఐ నెవర్ ఆస్క్డ్."

ఒక మనిషితో రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉండి, ఆమె పెట్టిన అన్నం తిని, ఒక టీవీ కథ గురించి ఆమె ఏమనుకున్నారో కూడా నేను చెప్పలేకపోతున్నాను. ఇక మిగతావి నాకేం తెలుసని? కానీ నా చేత ఆ ఫోన్ చేయించింది ఆమె. అది మాత్రం తెలుసు.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక అందరం చర్చి హాలుకి వచ్చాం. టీ కోసం వరస కట్టాం. బల్ల వెనక ప్రసాద్ అంకుల్ ఉన్నారు. కోటు విప్పి, చొక్కా చేతులు మడిచి కప్పుల్లో టీ పోస్తున్నారు. ఆయన్ని ఎవరైనా పురమాయించారో, తనంతట తనే వెళ్ళి నిలబడ్డారో తెలియదు. నా ముందున్న పెద్దాయన కప్పు అందుకుంటూ, ఎన్నడూ చూడని మొహం కదా అని, పలకరించారు.

"మీరు ఆవిడకి ఏమవుతారండీ?"

ప్రసాద్ అంకుల్ చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఆయ్, మేడంగారి హోటల్లో వంట చేస్తానండి," అన్నారు.

స్వప్న నా చెయ్యి పట్టుకుంది. ఆయన 'చేస్తాను' అని కంగారులో అన్నారో, కావాలనే అన్నారో మా ఇద్దరికీ అర్థం కాలేదు. పెద్దాయన తలూపి పక్కకి జరిగారు. ప్రసాద్ అంకుల్ ఇంకో కప్పు నింపి, సాసర్‌లో ఒలికిన చుక్క గుడ్డతో తుడిచి, నా వైపు జరిపారు.