రత్నమ్మగారు అన్న మాట

మాది కలిదిండి. బండి నడపడం నేర్చుకున్నా రోడ్డెక్కాలంటే నాకు భయం. రోజూ బండి మీద వెళ్ళిరావాల్సిన ముదినేపల్లి స్కూల్లో టీచరు ఉద్యోగం వచ్చినా, ఆ భయంతోనే చేరలేనని చెప్పేద్దామనుకున్నాను. మా చర్చిలో శుక్రవారం స్త్రీల కూటంలో మూడేళ్ళుగా నాది ఒకటే ప్రార్థన విన్నపం, ఈ భయం పోవాలని.

ఆ శుక్రవారం పెద్దావిడ రత్నమ్మగారు అందరి ముందూ, "దేవుడికేం చెవుడు లేదమ్మా. ఆయన ఎప్పుడో విన్నాడు, నువ్వే బండెక్కట్లేదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. బయట ఎదురుచూస్తున్న మా ఆయన చేతిలోంచి తాళాలు లాక్కుని, దారి పొడవునా ఆవిణ్ణి తిట్టుకుంటూ ముదినేపల్లి దాకా నడిపాను. చేపల లారీ రాసుకుంటూ పోయినా ఆగలేదు. స్కూలు గేటు దగ్గర దిగాక గానీ నా భయం గుర్తు రాలేదు.

భయం తీసెయ్యమని అడిగితే దేవుడు కోపం ఇచ్చాడు. మరుసటి వారం కూటంలో లేచి, ఉద్యోగంలో చేరానని సాక్ష్యం చెబితే, అందరికంటే గట్టిగా "స్తోత్రం" అన్నది రత్నమ్మగారే.

నాకు మళ్ళీ ఒళ్ళు మండింది.