కుందేలు ఒత్తిగిల్లిన శుక్రవారం

లస్మయ్యకు కడుపుమంట పట్టుకుంది. ఏ మందుకూ తగ్గే మంట కాదది. దాని పేరు జలంధర్.

నిర్మల్‌లో కొయ్యబొమ్మలు చెక్కే ఇంట పుట్టినవాడు లస్మయ్య. చమురు డబ్బుతో దోహా రోజుకో అంతస్తు లేస్తున్న కాలంలో కాంక్రీటు పోసేందుకు చెక్క అచ్చులు బిగించే షట్టరింగ్ కార్పెంటరుగా వచ్చాడు. సైటు ఇంజనీరు రామకృష్ణారావు బుల్లి సినిమా కెమెరా ఒకటి కొని, కుందేలూ తాబేలూ కథ తీద్దామన్నాడు. బొమ్మను గోరంత జరపాలి, ఒక ఫోటో తీయాలి, మళ్ళీ జరపాలి. అన్నీ కలిపి ఆడిస్తే బొమ్మ దానంతటదే నడుస్తుందట.

అక్కడ సెలవు శుక్రవారమే; మూడు శుక్రవారాలు నడుం వంచి లస్మయ్య రెండు బొమ్మలూ చెక్కాడు, రంగులు వేశాడు. తీరా జరిపే పని వచ్చేసరికి సారు టైల్స్ మేస్త్రీ జలంధర్‌ను పిలిచాడు.

"నీ చెయ్యి వణకదయ్యా, నువ్వు జరుపు."

అంతే, ఆనాటి నుంచి పనివాళ్ళుండే క్యాంపంతా జలంధర్ చేతి భజనే. చెక్కింది తానైతే పేరు వాడికా? లస్మయ్యకు అన్నం సహించలేదు.

కుందేలు నిద్రపోయే చోట దాన్ని ముట్టుకోకూడదు, తాబేలే కదలాలి. అందరూ భోజనానికి లేచిన మధ్యాహ్నం లస్మయ్య అటూ ఇటూ చూసి, కుందేలును పక్కకు తిప్పేశాడు. సినిమా చెడితే ఆ చేతి గొప్ప బయటపడుతుంది కదా.

రీలు పరదేశం పోయి కడిగించుకుని రావడానికి నెలన్నర పట్టింది. మెస్సులో కిటికీలు మూసి, గోడకు దుప్పటి కట్టి ఆడించారు. తాబేలు పాకుతూ పోతోంది. కుందేలు నిద్రలోనే హాయిగా అటు ఒత్తిగిల్లింది. మెస్సంతా పగలబడి నవ్వింది.

"భలే వచ్చిందయ్యా. ఎవరిదీ ఆలోచన?" అన్నాడు సారు.

"నాది కాదు సార్," అన్నాడు జలంధర్. "తిని వచ్చి చూస్తే తిరిగి ఉండె. చెక్కినోనికి తెలుస్తది గదా అని నేను ముట్టలె. లస్మన్నదే ఆ పని."

చప్పట్లు మోగాయి. సారు వచ్చి లస్మయ్య భుజం తట్టాడు. ఇన్నాళ్ళూ కోరుకున్నది ఇదే. కానీ వెనక బెంచీల మీద అప్పుడే మొదలైంది: "జలంధర్‌ది ఎంత మంచి మనసురా, పేరంత అన్నకే ఇచ్చిండు."

దిక్కుమాలినవాడు, అదీ కొట్టేశాడు. నిజం చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే ఈ పేరు బతుకంతా వాడు పెట్టిన భిక్ష.

"కూసో అన్నా," అంటూ జలంధర్ బెంచీ మీద జరిగి చోటిచ్చాడు.

లస్మయ్య కూర్చున్నాడు.