సూది నాది, సంతకం ఆ పిల్లది

నేను నందిగామలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నర్సుని. ఉండేది జగ్గయ్యపేట. పదహారేళ్లుగా పొద్దున్నే బస్సెక్కి రావడం, మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగి బస్సెక్కి పోవడం. ఇన్నేళ్లలో నా గురించి జనం ఎక్కువగా అన్న మాట ఒక్కటే, ఆ సిస్టరమ్మ హస్తవాసి మంచిదని. నరం దొరకని ముసలమ్మలు కూడా "ఆమెనే పిలవండి, ఆమె పొడిస్తే తెలీదు" అనేవాళ్లు. విని విని అది నాకు తలకెక్కింది. ఇప్పుడు చెప్పబోయేదానికంతా ఆ పొగరే మూలం కాబట్టి ముందుగానే ఒప్పేసుకుంటున్నాను.

మా ఆస్పత్రిలో ఒక పద్ధతి ఉండేది. సూది వేసేది ఒకరు, షీటు రాసేది ఒకరు. నిజానికి ఏ మందు ఎన్నింటికి ఇచ్చారో కేస్ షీటులో రాసి, ఎవరిచ్చారో వాళ్లే సంతకం పెట్టాలి. చదువుకునేటప్పుడు మాకూ అదే చెప్పారు. కానీ నా రాత కోడి కెలికినట్టుంటుంది. ఆరోగ్య పథకం కింద వచ్చే కేసుల కాగితాలు ఫోటో తీసి పైకి పంపాలి, రాత అర్థం కాకపోతే తిప్పి కొడతారు. అందుకని రాత బాగున్నవాళ్లు రాయండమ్మా అని డాక్టరుగారే అన్నారు. మూడేళ్ల కిందట కంచికచర్ల నుంచి ఒక పిల్ల వచ్చి చేరింది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఇంకేం కావాలి నాకు? డ్యూటీ దిగే ముందు నేను గబగబా చెప్తుంటే ఆమె రాసేది. నా సూదులకి కూడా ఆమె సంతకమే పడేది. "అక్కా, మీరిచ్చినవాటికి మీరు పెట్టండి" అని మొదట్లో రెండు మూడు సార్లు అంది. "పెద్ద చెప్పొచ్చావులే, రాయి" అన్నాను. తర్వాత అనడం మానేసింది.

ఆ పిల్లే ఒకరోజు మేం టిఫిన్ డబ్బాలు విప్పుకుంటుంటే ఒక కవరు తీసి చూపించింది. నర్సుల కోసం ఇన్సూరెన్స్ తీసుకుందట. పనిలో మన పొరపాటు వల్ల రోగికి నష్టం జరిగిందని ఎవరైనా కేసు వేస్తే, కంపెనీ మన తరఫున లాయర్ని పెడుతుందట. కోర్టు కట్టమన్నది ఒక హద్దు దాకా వాళ్లే కడతారట. కావాలని చేసినదానికి రాదు, మనకి లైసెన్సు లేని పని చేస్తే రాదు. ఏదైనా జరిగిందని తెలిసిన వెంటనే వాళ్లకి చెప్పెయ్యాలి, దాచిపెడితే కుదరదు. ఇవన్నీ ఆ పిల్ల కాగితాలు చదివి, పెన్సిల్‌తో గీతలు పెట్టుకుని మరీ చెప్పింది.

"ఆస్పత్రికి ఉంది కదే" అన్నాను.

"అది ఆస్పత్రి పేరు మీద, డాక్టరుగారి పేరు మీద ఉందక్కా. రేపు వాళ్లే తప్పు నర్సుది అంటే మన పక్కన ఎవరుంటారు?"

నేను నవ్వాను. మామూలుగా కాదు, పక్క గదిలో వాళ్లకి కూడా వినపడేలా. "పెళ్లికి ముందే విడాకుల కాగితాలు రాయించుకున్నట్టుందే నీ యవ్వారం! పని వచ్చినదానికి ఇవన్నీ ఎందుకు? శుభమా అని పని చేసుకుంటుంటే అపశకునం మాటలు" అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. అప్పటిదాకా ఫారం అడుగుదామనుకున్న ఇద్దరు కూడా నా మాట విని ఊరుకున్నారు.

తర్వాత కొన్నాళ్లకి, మిర్చి కోతలు జోరుగా ఉన్న రోజుల్లో, వీరులపాడు వైపు నుంచి ఒకామె జ్వరంతో, వాంతులతో వచ్చి చేరింది. కూలికి పోయే మనిషి, నలభై ఏళ్లుంటాయేమో. చేరిన మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి ఆమెకి ఇంజక్షన్ ఉంది. చేతికున్న క్యాన్యులా, అదే, నరంలో ఉంచే సన్నటి ప్లాస్టిక్ గొట్టం, ముందు రోజు పెట్టింది. మందు ఎక్కించే ముందు కాస్త సెలైన్ పంపి, అది నరంలోనే ఉందో పక్కకి జారిందో చూడాలి. అది చూడ్డానికి అరనిమిషం పడుతుంది. నేను చూడలేదు. రెండింటి బస్సు తప్పితే ఆ తర్వాత దాంట్లో నిలబడి పోవాలి, నా తొందర అది.

మందు ఎక్కిస్తుంటే ఆమె "మండుతోందమ్మా" అంది.

"సూదన్నాక మండదా? కాసేపు ఓర్చుకో" అన్నాను.

ఆమె చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. నేను గట్టిగా పట్టుకుని మొత్తం ఎక్కించేశాను. పిల్లతో "ఆ కిటికీ పక్క బెడ్డుకి ఇచ్చేశా, రాసెయ్" అని చెప్పి బస్టాండుకి పరిగెత్తాను. సీటు దొరికింది.

మర్నాటికి ఆ చెయ్యి మోచేతి దాకా వాచింది. మూడో రోజుకి తోలు నల్లబడింది. మందు నరంలోకి కాక చుట్టూ కండలోకి పోయింది. విజయవాడ తీసుకెళితే అక్కడ చచ్చిన తోలు తీసేసి, తొడ మీది తోలు తెచ్చి అతికించారు. అది కుడిచెయ్యి. తర్వాత కట్టు మార్పించుకోవడానికి ఆమె మా దగ్గరకే వచ్చేది. ఒకసారి నేనే కట్టు విప్పుతుంటే, నా మొహంలోకి చూసి నెమ్మదిగా అంది, "మండుతోందని చెప్పా కదమ్మా." కోపంగా అన్నా బాగుండేది, తిట్టినా బాగుండేది. దూది అయిపోయిందని చెప్పి నేను లేచి వెళ్లిపోయాను. దూది అక్కడే బల్ల మీద ఉంది.

ఆమె తమ్ముడు నందిగామ లాయరు చేత నోటీసు పంపించాడు. కేస్ షీటు జిరాక్స్ వాళ్ల దగ్గరుంది. అందులో పేరున్నది ఆ పిల్లది. నోటీసు ఆస్పత్రికి ఒకటి, ఆ పిల్ల పేరున ఒకటి వచ్చాయి.

అదే వారం ఆ పిల్లకి విజయవాడలో ఒక పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగం ఖాయమైంది. మూడేళ్లుగా ఆమె ఎదురు చూస్తున్నది దానికోసమే. పన్నెండు రోజుల్లో చేరాలి, చేరేటప్పుడు తన మీద ఫిర్యాదులేం లేవని మా డాక్టరుగారి లెటర్ ఇవ్వాలి. నోటీసు సంగతి తేలేదాకా లెటర్ ఇవ్వలేనమ్మా అని ఆయన చేతులెత్తేశారు. షీటులో ఎవరి సంతకముందో వాళ్లే చూసుకోవాలన్నారు. ఆ మాట అన్నప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. 

బయటికొచ్చాక మెట్ల దగ్గర ఆ పిల్ల ఆపింది నన్ను. "అక్కా, ఆ ఇంజక్షన్ మీరు కదా ఇచ్చింది."

"నేనిస్తే ఏంటి, నువ్విస్తే ఏంటే? నీకెలాగూ ఇన్సూరెన్స్ ఉంది. నాకు లేదు. వాళ్లే కడతారు కదా, నీదేం పోయింది?" అన్నాను.

ఇది అబద్ధం కాదు, నిజంగానే అలా అనుకున్నాను. మా ఆయన బండి మా మరిది నడుపుతూ ఒకర్ని గుద్దితే ఇన్సూరెన్స్ వాళ్లే చూసుకున్నారు. బండికి ఉంటే చాలు, నడిపింది ఎవరైతేనేం? షీటు మీద ఆమె సంతకం ఉంది, ఆమెకి పాలసీ ఉంది, ఇక గొడవేముందనుకున్నాను. ఆ రోజు కవరు చూపించి చెప్పినప్పుడు ఎగతాళి చెయ్యకుండా సగం విన్నా తెలిసేది.

ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, అయినా విడమరిచి చెప్పింది. "ఇది బండి కాదక్కా. పాలసీ నేను చేసే పనికుంది, షీటుకి లేదు. చెయ్యని పనిని చేశానని వాళ్లతో చెప్తే అది మోసం. అది బయటపడితే వాళ్లు తప్పుకుంటారు, నా రిజిస్ట్రేషన్ మీదికొస్తుంది. జరిగింది ఒక కాగితం మీద రాసివ్వండి చాలు. ఇంకేం అడగను మిమ్మల్ని."

"చూద్దాంలే" అన్నాను.

ఆ పన్నెండు రోజులు నేను చేసినవి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. ఆమె తినే వేళకి తినడం మానేశాను. రెండు రోజులు ఒంట్లో బాలేదని సెలవు పెట్టాను. ఇంట్లో కాగితం ముందేసుకుని కూర్చున్నాను. "ఆ రోజు డ్యూటీలో ఉన్న సిబ్బంది" అని మొదలుపెట్టి చించేశాను. ఒక్క మనిషి చేసిన పనికి సిబ్బంది అట, నా మొహం! హస్తవాసి మంచిదన్న పేరు పోతుందని భయం. ఉద్యోగం పోతుందేమోనని భయం. ఒకరోజు ఆ పిల్ల అందరి ముందూ "అక్కా, ఆ కాగితం..." అని నోరు తెరిస్తే, "నరం ఎక్కడుంటుందో చూపించి నేర్పినదాన్ని నేను. నా మీదికే తిప్పుతావా?" అని అరిచాను. ఛీ, అంత సిగ్గులేని మాట నా జన్మలో ఇంకోటి అన్లేదు. మిగతావాళ్లు తల దించుకున్నారు. వాళ్లలో ఇద్దరికి ఆ సూది నాదని తెలుసు. నాకు భయపడి వాళ్లూ ఊరుకున్నారు.

పద్నాలుగో రోజున ఆ పిల్ల ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున విజయవాడ నుంచి లాయరమ్మ వచ్చింది. చిన్న వయసే. డాక్టరుగారి గదిలో ఆయన, ఆ పిల్ల, వార్డు పెద్దగా నేను. షీటు బల్ల మీద పరిచి అడిగింది.

"ఈ ఇంజక్షన్ మీరే ఇచ్చారా?"

"లేదండి. రాసింది నేను, సంతకం నాది. ఇచ్చింది నేను కాదండి" అంది పిల్ల.

"మరెవరు?"

ఆమె చెప్పలేదు. నా వైపు చూడను కూడా లేదు.  లాయరమ్మ మళ్లీ అడిగింది, "పర్లేదు, చెప్పండి, ఎవరు?" పిల్ల షీటు వంకే చూస్తూ ఉండిపోయింది. డాక్టరుగారు నా వైపు తిరిగారు. అప్పుడు అన్నాను, "నేనండి" అని.

లాయరమ్మ రాసుకుంది. నన్నేం అనలేదు. మళ్లీ ఆ పిల్లనే అడిగింది. "మీరివ్వని మందుకి మీరు సంతకం ఎలా పెడతారు? అది మీ తప్పే కదా?" అక్క పెట్టమంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. "అలవాటైపోయిందండి" అంది. 

ఆ సాయంత్రమే డాక్టరుగారు లెటర్ ఇచ్చారు. అప్పటికి విజయవాడ వాళ్లు ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేశారు. నోటీసు గొడవ ఆస్పత్రి వాళ్లూ ఆ వీరులపాడు ఆమె తమ్ముడూ కూర్చుని తేల్చుకున్నారు. నా తరఫున మాట్లాడే మనిషిని మాత్రం నేనే వెతుక్కోవాల్సి వచ్చింది. నందిగామలో ముగ్గురు లాయర్ల మెట్లెక్కి దిగాను. ఆ కూలి మనిషి చెయ్యి సగమే ముడుచుకుంటుంది. మిర్చి కొయ్యలేకపోతోందట. ఇప్పుడు ఎవరిచ్చిన మందుకి వాళ్లే సంతకం పెడుతున్నాం, నా కోడి గీతలతో సహా.

ఆ పిల్ల ఇంకా మాతోనే ఉంది. నన్ను అక్కా అనే పిలుస్తుంది. డ్యూటీ మారేటప్పుడు బెడ్డుకి బెడ్డు తిరిగి అప్పజెప్తుంది. తిన్నారా అని మాత్రం అడగదు.

ఈమధ్య మా నర్సులు నలుగురు ఆమెని పట్టుకుని ఇన్సూరెన్స్ ఫారాలు తెప్పించుకున్నారు. మధ్యాహ్నం కూర్చోబెట్టి ఒక్కో గడి దగ్గర ఏం రాయాలో చెప్తోంది. నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. అందరూ అయ్యాక, ఎంతో తంటాలు పడి, "నాకూ ఒకటి ఇవ్వమ్మా" అన్నాను. మారుమాట లేకుండా ఇచ్చింది. పక్కన కూర్చుని, పుట్టిన తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు, పని చేస్తున్న చోటు, అన్నీ చూపించుకుంటూ వచ్చింది. రెండో పేజీలో ఒక ప్రశ్న ఉంది. మీ పని వల్ల ఇంతకుముందు ఎవరికైనా హాని జరిగిందా, జరిగితే వివరాలు రాయండి అని.

ఆ గడి మీద వేలు పెట్టి, "ఇక్కడ మాత్రం నిజం రాయండక్కా" అంది.

అంతకుముందు నలుగురికీ అదే మాట చెప్పింది, నేను విన్నాను. వాళ్లకి చెప్పినప్పుడు వాళ్ల మొహం చూసి చెప్పింది.