దసరాకు మెరిసిన అచ్చు

మడికొండ దాటాక ఒక రేకుల షెడ్డులో నడిచే గిన్నెల కార్ఖానాలో యాకమ్మది పందొమ్మిదేళ్ల కొలువు. చెప్పుకోవడానికి చిన్న పనే. అల్యూమినియం రేకు నుంచి కోసిన గుండ్రటి బిళ్లకు రెండు వైపులా నూనె రాసి, ప్రెస్సు దగ్గర నిలబడే కట్టయ్యకు అందించాలి. అతను మీట నొక్కితే బిళ్ల ఉక్కు అచ్చులోకి దిగి గిన్నె అవుతుంది. ఆమె బొటనవేలి గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. రేషన్ షాపు మిషను ఆమెను గుర్తు పట్టదు గానీ, ఆ వేలు మాత్రం ఏ బిళ్ల ఎంత గరుకో ఇట్టే చెప్తుంది.

యాకమ్మకు శుభ్రం పిచ్చి. ఆమె ఇంట్లో గిన్నె అడుగున కూడా మసి కనపడదు. కిందటేడు ఆయుధపూజకు అందరూ తలా ఒక మిషను తుడుస్తుంటే ఆమె గిన్నెల అచ్చు తీసుకుంది. ఎప్పట్లా నూనె గుడ్డతో తుడిచి ఊరుకుందా అంటే, లేదు. గ్రైండరుకు గుడ్డ చక్రం తగిలించి ఒకటిన్నర రోజు రుద్దింది. బొట్టు పెట్టబోయిన యజమాని రాజేశ్వర్ రావుకు అందులో తన ముఖమే కనిపించింది. పనంటే ఇట్లా ఉండాలని అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మాటతో యాకమ్మకు పండుగంతా కడుపు నిండిపోయింది.

పండుగ తర్వాత ప్రెస్సు నడిచిన మొదటి రోజే గిన్నెలు చిరగడం మొదలైంది. చిరగనివాటికి గోడల నిండా గీతలు. దసరా అంటే ఇక్కడ మాంసం, మందు. కట్టయ్య రెంటికీ లోటు చేయడని ఊరంతా ఎరుగుదురు. ఇంకేం, వెతకబోయిన తీగ కాలికి తగిలింది. చేతికి ఇంకా పండుగ దిగలేదని రాజేశ్వర్ రావు కట్టయ్యను తిట్టాడు.

ఆ సాయంత్రం అచ్చు తుడుస్తుంటే సంగతి యాకమ్మ వేలికి తెలిసింది. అచ్చుకు ఉండీ లేనట్టు ఒక గరుకు ఉండేది. నూనె ఆ గరుకులో నిలిచి, బిళ్లను జారనిచ్చేది. ఇప్పుడు అద్దంలా నున్నగైన అచ్చు మీద నూనె నిలవడం లేదు. అల్యూమినియం ఉక్కుకు పొక్కులు పొక్కులుగా అంటుకుని, తర్వాత వచ్చే బిళ్లను గీరుతోంది, చింపుతోంది.

తెలిసీ ఆమె నోరు మెదపలేదు. అచ్చు ఖరీదెంతో తెలియదు, కొలువు ఉంటుందో ఊడుతుందో తెలియదు. నేనామెను వెనకేసుకు రాను. మర్నాడు కట్టయ్య తిట్లు తింటుంటే ఆమె తల వంచుకుని నూనె రాస్తూనే ఉంది. ఆ సాయంత్రం రాజేశ్వర్ రావు కట్టయ్యను రేపటి నుంచి రావద్దన్నాడు.

తెల్లవారి ప్రెస్సు మొదలు కాకముందే యాకమ్మ యజమాని గదిలోకి వెళ్లింది.

"కట్టయ్య తప్పు లేదు సారూ. అచ్చును నేనే రుద్ది నున్నగ చేసిన. దాని మీద నూనె నిలుస్తలేదు. పంపుడైతే నన్ను పంపుండ్రి."

రాజేశ్వర్ రావు వచ్చి అచ్చును తడిమి చూశాడు. మెచ్చుకున్నది తనే కాబట్టి కావచ్చు, ఆమెను తిట్టలేదు. బాగవుతుందా అని మాత్రం అడిగాడు. ఆమె అంటుకున్న పొక్కులు తీసి, సన్నటి గరుకు కాగితంతో అచ్చంతా మెల్లగా రుద్దింది. కట్టయ్యకు కబురు వెళ్లింది. మధ్యాహ్నం దాకా ఒక్క గిన్నె చిరగలేదు.

అన్నాల వేళ కట్టయ్య ఆమె ముందు నిలబడ్డాడు.

"నీకెప్పుడు ఎరుకైంది అక్కా?"

ఆ పొద్దుననే తెలిసిందంటే నమ్మేవాడే.

"మొన్న మాపటికే ఎరుకైంది తమ్మీ. భయమైంది."

రోజూ తన డబ్బాలో కూర ఆమెకు కాస్త వేసి గానీ అతను తినేవాడు కాదు. ఆ రోజు డబ్బా పట్టుకుని ప్రెస్సు అవతలికి వెళ్లి కూర్చున్నాడు. యాకమ్మ ఉత్త అన్నం తిన్నది.