కోర్దోబా సందులలో ఇంగువ వాసన

విఘ్నాలను తొలగించే దేవరకు, వాక్కునిచ్చే తల్లికి నమస్కరించి, దారి తప్పినవారికి దారి చూపే శక్తి వేరే ఏదైనా ఉంటే దానికీ విడిగా ఒక నమస్కారం సమర్పించి, ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను. ఇది జరిగిన దినం క్రోధన నామ సంవత్సర వైశాఖ బహుళ పంచమి, గురువారం. ఇక్కడి లెక్కలో 1985వ సంవత్సరం మే నెల.

దయ్యాలను, భూతాలను నేను ఎన్నడూ నమ్మినవాడను కాను. చాలా ఏళ్లు కళాశాలలో కావ్యపాఠం చెప్పాను. అందులోని యక్షులను, గంధర్వులను తరగతి గదిలోనే వదలి ఇంటికి వచ్చేవాడిని. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అమ్మాయి శారద ఇంట స్థిరపడిన తరువాత కూడా ఆ అభిప్రాయం మారలేదు. చూచినది చూచినట్టు చెప్పడమే ఇప్పుడు నా పని.

నాకు షష్టిపూర్తి దగ్గరపడినప్పుడు శారద ఒక నిర్ణయం చేసింది. "హోమం పెడితే ఈ అపార్ట్‌మెంట్‌లో స్మోక్ అలారం ఊరుకోదు నాన్నా. మీరూ అమ్మా స్పెయిన్ వెళ్లి రండి. టికెట్స్ బుక్ చేసేశాను, రీఫండ్ కూడా ఉండదు" అన్నది.

టికెట్లు కొన్న తరువాత తాను గర్భవతినని శారదకు తెలిసింది. నా భార్య కామేశ్వరి ప్రయాణం మానుకుంటానని పట్టుపట్టింది.

"డ్యూ డేట్ మంత్ ఎండ్‌కి అమ్మా. పదో తారీఖు ఫ్లైట్‌కి వచ్చేయండి, చాలు. అది మిస్ అయితే మాత్రం నేను నీతో మాట్లాడను" అన్నది శారద నవ్వుతూనే. కాని విమానాశ్రయంలో తల్లి చేయి వదలడానికి చాలాసేపు పట్టింది. తొలి కాన్పు. పైకి ఎంత ధైర్యం చెప్పినా లోపల భయం ఉన్నదని మా ఇద్దరికీ తెలుసు.

కామేశ్వరిని గురించి ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. అంతకు రెండేళ్ల ముందు చలికాలంలో వచ్చిన జ్వరం ఆమె ఘ్రాణశక్తిని పూర్తిగా హరించింది. పాలు పొంగి మాడినా, పప్పు అడుగంటినా ఆమెకు తెలియదు. పరీక్షించిన డాక్టరు ఇక తిరిగి రాకపోవచ్చునని చెప్పాడు. అందుచేత స్పెయిన్ దేశంలో మేము తిన్న ప్రతి వంటకం వాసననూ మాటలలో వర్ణించి చెప్పే బాధ్యత నా మీద పడింది.

"ఈ ఆలివు నూనె వాసన ఎలా ఉందండీ?"

"వాన వెలిసిన తరువాత పచ్చగడ్డిని నూరినట్టు ఉంది."

"కావ్యం వద్దు. నువ్వుల నూనెకు దగ్గరా, ఆముదానికి దగ్గరా?"

"ఆముదానికి."

"అయితే చెప్పకుండా ఉండవలసింది" అని రొట్టె పక్కకు పెట్టేది. మరుక్షణంలో మళ్లీ తీసుకునేది.

నిజం చెప్పాలంటే శాకాహారులమైన మాకు ఆ దేశం చాలా మర్యాద చేసింది. సెవిల్లాలో పాలకూరతో శనగలు ఉడికించి జీలకర్ర వేసి పెట్టారు. గస్పాచో అనే చల్లని పచ్చి టొమాటో చారును కామేశ్వరి మన పచ్చిపులుసుకు మేనకోడలని తేల్చింది. కోర్దోబాలో వంకాయ ముక్కలు వేయించి వాటిపై చెరకు పాకం పోసి ఇచ్చారు. ఆ పళ్లెం ఖాళీ అయ్యాక ఇంకొకటి తెప్పించుకున్నాము.

కోర్దోబాలో బుధవారం సాయంకాలం మేము దిగినది పాతపేటలోని ఒక చిన్న బస. మందమైన తెల్లని గోడలు, కాళ్లకు చల్లగా తగిలే పలకల నేల, నడుమ తెరుచుకున్న ముంగిలి, అందులో ఒక నిమ్మచెట్టు, గోడల నిండా పూలకుండీలు. ఇంటి యజమానురాలి పేరు పిలార్. కామేశ్వరి ఆమెను పిలారమ్మ అనేది. ఆ రాత్రి ఆమె స్పానిష్‌లో, ఈమె తెలుగులో గంటల తరబడి మాటలాడుకున్నారు. ఒకరు చెప్పింది ఒకరికి అర్థం కాలేదన్న ఫిర్యాదు ఒక్కసారీ వినలేదు.

గురువారం సాయంకాలం మాడ్రిడ్ వెళ్లే రైలు ఎక్కాలి. మరునాడు ఉదయం విమానం. ఆ గురువారం ఉదయమే నేను చేయరాని తప్పు చేశాను.

మా అల్లుడు నడుముకు కట్టుకునే తోలు సంచి ఒకటి ఇచ్చాడు. పాస్‌పోర్టులు, గ్రీన్ కార్డులు, టికెట్లు, బస చిరునామా ఉన్న కార్డు, అన్నీ అందులోనే. తోలు ఒంటిమీద ఉండగా సంధ్య వార్చకూడదన్నది మా ఇంటి నియమం. స్నానం చేసి, ఆ సంచిని నిమ్మకొమ్మకు తగిలించి, ముంగిటిలో సంధ్య వార్చుకున్నాను. ఉదయపు ఎండ, నిమ్మపూలు, గాయత్రి, వీటితో మనస్సు ఎంత ప్రసన్నమైనదంటే, సంచిని కొమ్మకే వదలి, రొట్టె తిని, భార్యతో ఊరు చూడడానికి బయలుదేరాను.

మధ్యాహ్నం ఒక అరుగు మీద కూర్చుని నడుము తడుముకున్నప్పుడు గాని సంగతి తెలియలేదు.

"సంచి ఎక్కడండీ?"

"నిమ్మచెట్టుకు ఉంది."

"ఆ నిమ్మచెట్టు ఎక్కడ?"

లేచి నాలుగు వైపులా చూచాను. ముందునాటి సాయంకాలం టాక్సీ సందు మొదట వదిలితే, పిలారమ్మ ఎదురు వచ్చి చేయి పట్టుకుని తీసుకువెళ్లింది. బస పేరు సాన్ అన్న మాటతో మొదలవుతుందని గుర్తు. ఆ పేటలో సగం వీధులూ అలాగే మొదలవుతాయి. ఇళ్లన్నీ తెల్లనివే, కుండీలన్నీ నీలివే.

అది ఆ ఊరు నిద్రపోయే వేళ. తలుపులు మూసి, తెరలు దించి ఉన్నాయి. సందులలో మా చెప్పుల చప్పుడు తప్ప మరేమీ లేదు. ఒక కిటికీ వెనుక నుంచి ఒక ముదుసలి మా సైగలు చూచి, దయగా రెండు చేతులతో రెండు దిక్కులూ చూపి, కిటికీ వేసుకున్నాడు. తిరిగిన సందే మళ్లీ తిరిగాము. పాస్‌పోర్టులు లేకపోతే కార్యాలయాల చుట్టూ తిరగడానికే వారాలు పడుతుంది. శారద అంతవరకు ఆగినా కాన్పు ఆగదు.

కామేశ్వరి కుంటుతూ నా వెనుకనే వస్తున్నది.

ఒక మలుపు దగ్గర ఆమె ఆగిపోయింది. తల కొద్దిగా పైకెత్తింది.

"ఎవరో ఇంగువ తిరగమోత పెడుతున్నారండీ."

"నీకు వాసన తెలియడమేమిటి?"

"అదే నాకూ వింతగా ఉంది. నడవండి."

నేను గట్టిగా ఊపిరి పీల్చి చూచాను. వేడెక్కిన సున్నపు గోడల వాసన, ఎక్కడో మల్లెపూలు, అంతే. ఆమె మాత్రం ముందు నడిచింది. ఎడిసన్‌లో పక్కవీధి కిరాణా కొట్టు నుంచి ఇంటికి రావడానికి కూడా నన్ను అడిగే మనిషి, ఆ చిక్కుముడి సందులలో కుడికీ ఎడమకూ నిస్సంకోచంగా తిరిగింది. ఒకచోట ఎడమకు మళ్లి, నాలుగడుగులు వేసి, "ఇటు తగ్గిపోయింది" అని వెనుకకు వచ్చి కుడి సందు పట్టింది.

"ఇప్పుడు కరివేపాకు పడింది" అన్నది.

కొంత దూరం పోయాక కోపంగా, "మెంతులు మాడుతున్నాయి. ఎవరో గాని, పొయ్యి దగ్గర లేరు. త్వరగా నడవండి" అన్నది. కాలు నొప్పి అని ఉదయం నుంచి కుంటుతున్న మనిషి దాదాపు పరుగెత్తింది.

ఆమె ఆగిన తలుపును నేను గుర్తుపట్టలేదు. తట్టగా కునుకు నుంచి లేచి వచ్చి తెరిచినది పిలారమ్మ. ఆమె భుజం మీదుగా నాకు నిమ్మచెట్టు కనిపించింది, దాని కొమ్మకు నా తోలు సంచీ కనిపించింది.

నేను సంచి దగ్గరకు వెళితే కామేశ్వరి నేరుగా వంటింటిలోకి వెళ్లింది. వెనుకనే నేనూ వెళ్లాను. పొయ్యి చల్లగా ఉంది. కడిగిన గిన్నెలు బోర్లించి ఉన్నాయి. ఆ పూట గస్పాచో తప్ప ఏమీ చేయలేదని, మంట వెలిగించనేలేదని పిలారమ్మ చల్లని కూజా చూపి, పొయ్యి మీద అరచేయి ఆనించి తెలియజెప్పింది. ఇంగువ అనే పదార్థాన్ని ఆమె ఎరుగదు. మా పెట్టెలో కూడా అది లేదు.

"పోయింది" అన్నది కామేశ్వరి. "గుమ్మం దాటగానే పోయింది."

రైలులో కూర్చున్నాక అడిగాను, "మీ అమ్మగారి పోపు వాసనా అది?" అని.

"కాదండీ. మా అమ్మ ఆవాలు చిటపటమన్నాక మెంతులు వేసేది. అత్తయ్యగారు అసలు మెంతులే వేయరు. ఇది ముందు మెంతులు వేసే చేయి. నాకు తెలిసినవాళ్లు ఎవరూ కారు." తరువాత నవ్వి, "ఎవరో గాని, మాడ్చుకున్నారు పాపం, మన కోసం" అన్నది.

ఎడిసన్ చేరాక అదే డాక్టరు మళ్లీ పరీక్షించాడు. కాఫీ పొడి, లవంగం, కర్పూరం, ఏదీ ఆమెకు తెలియలేదు. ఘ్రాణం పోయినవారికి లేని వాసనలు తోచడం ఉన్నదేనని ఆయన చెప్పాడు. తోచవచ్చు. కాని లేని వాసన తప్పు సందులో తగ్గి, సరైన సందులో ఎందుకు హెచ్చిందని నేను అడిగాను. దానికి తన వద్ద సమాధానం లేదని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు. నేనూ ఇన్నేళ్లు చదివిన శాస్త్రాలలో వెదికాను, దొరకలేదు.

పదవ తేదీ విమానంలోనే తిరిగి వచ్చాము. క్రోధన నామ సంవత్సర జ్యేష్ఠ శుద్ధ విదియ, మంగళవారం నాడు, శారదకు ఆడపిల్ల పుట్టింది. కాన్పు గదిలో కామేశ్వరి కూతురి చేయి పట్టుకుని ఉన్నది.