ఒకే బెంచీ మీద ఇద్దరు సత్యనారాయణలు

ఆ రోజు కాయల దింపు తీసి కొబ్బరిచెట్టు దిగగానే, నా భార్య మంగ నా కాలు చూసి నెత్తురేంటండీ అంది. అరికాల్లో చిప్ప ముక్క దిగబడి ఉంది. నాకు తెలియనే లేదు. చెట్టెక్కేవాడికి కాళ్ళే ఆధారం.

అమలాపురంలో ఒక ఆసుపత్రికి వెళితే బ్లడ్ టెస్ట్ రాశారు. బెంచీ మీద నా పక్కనే నేను కాయలు దింపే తోట యజమాని, మా కామందు సత్యనారాయణగారు. నా పేరూ అదే. ల్యాబ్ ఆయన ఇంటిపేర్లు అడగలేదు, అది నేను కనిపెట్టాను. సాయంత్రం నా చేతికిచ్చిన చీటీలో షుగర్ అని ఉంది.

రోజంతా చెట్లెక్కి దిగేవాడికి షుగరా? అది కూర్చుని తినేవాళ్ళ జబ్బు కదా. చీటీలు తారుమారయ్యాయి, సందేహం లేదు. పైగా బిళ్ళలు వాళ్ళ షాపులోనే కొనాలట. మళ్ళీ పరీక్ష చేయించుకోమని మంగ పోరు పెట్టింది. నేను ససేమిరా అన్నాను.

ఏడాది తిరక్కుండానే బొటనవేలు నల్లబడింది. డాక్టరుగారు గాంగ్రీన్ అన్నారు, వేలు తీసేశారు. ఇన్ఫెక్షన్ ఆగక పక్కవేలూ తీశారు.

నన్ను ఉంచిన కింద వార్డు నాకు కొత్త కాదు. తొంభైల్లో మా అమ్మకి విరేచనాలు పట్టుకుంటే అక్కడే ఉన్నాను. అప్పుడు సెలైన్ ఎక్కించుకునేవాళ్ళంతా మా పేటవాళ్ళే. షుగర్ మనుషులు పైన ప్రత్యేక గదుల్లో ఉండేవారు. ఇప్పుడు కింద వార్డు నిండా కట్లు కట్టిన కాళ్ళే. ఒకాయన కాట్రేనికోనలో చేపల వేటకెళ్ళేవాడు, ఒకావిడ ఊడ్పులకెళ్ళేది. ఇంతమంది చీటీలూ మారిపోయాయా? నా అనుమానం మీద నాకే అనుమానం వచ్చింది.

కామందుగారు చూడడానికి వచ్చారు. ఉండబట్టలేక అడిగేశాను.

"ఆ రోజు తమరి చీటీ నాకొచ్చిందేమోనండీ?"

ఆయన నా కాలికేసి చూశారు.

"నాకూ షుగరే అన్నారు సత్తియ్యా. నేను ఆ రోజు నుంచే బిళ్ళలేసుకుంటున్నాను."

"ఆయ్" అన్నాను.

ఇప్పుడు చెట్టెక్కను, కింద కూర్చుని కాయలు వలుస్తాను. మంగ రోజూ నా అరికాళ్ళు చూస్తుంది. మీకూ అనుమానం వస్తే అనుమానపడండి, తప్పులేదు. కానీ ఆ వారమే ఇంకోచోట మళ్ళీ రక్తం ఇవ్వండి. నేనైతే సీసా మీద ఇంటిపేరు, నాన్న పేరు రాసేదాకా నేటికీ చెయ్యి చాపను. ప్రతిసారీ షుగర్ నా పేరు మీదే వస్తోంది.